ఇరవై ఒకటో గడి

(భద్రతా రంగంలో కొత్తగా చేరిన ఇంజినీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘ఒక ప్రైవేటు సైబర్ భద్రతా సంస్థ ఎదుగుదల’. ఈ అంశం మీద మాట్లాడేవాళ్లు మామూలుగా ముగ్గురు మిత్రులు, ఒక ఇరుకు గది అంటూ మొదలుపెట్టి వేల కోట్ల దగ్గర ఆపుతారు. నాకు ఆ వరస నచ్చదు. చివరి నుంచి వెనక్కి వెళదాం. రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి: 20, 21.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ తన ఖాతాదారుల కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. అందులో కొత్త రకం దాడులను గుర్తుపట్టే సూచనలున్నాయి. ఇలాంటివి ఆ సంస్థ తరచూ పంపుతుంది. ఈసారి పంపిన సూచనల్లో 21 గడులున్నాయి. వాటిని చదివే ప్రోగ్రాముకు అందిన విలువలు మాత్రం 20. ఇరవై ఒకటో గడి కోసం అది లేని చోట వెతికింది. ఆ ప్రోగ్రాము విండోస్ కెర్నల్‌లో, అంటే కంప్యూటర్ గుండెకాయలో కూర్చుని ఉంటుంది. బయట తిరిగే మామూలు ప్రోగ్రాము తడబడితే అదొక్కటే మూతపడుతుంది. గుండెకాయలో ఉన్నది తడబడితే యంత్రమే కుప్పకూలుతుంది. నీలం తెర వచ్చింది. మళ్లీ మొదలైంది, మళ్లీ నీలం తెర.

తప్పు తెలుసుకుని ఆ ఫైలును వెనక్కి తీసుకోవడానికి పట్టింది 78 నిమిషాలు. ఆలోపే దాదాపు 85 లక్షల యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అవి ఒక శాతం కూడా కావు. అయినా విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రుల్లో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ఎందుకంటే ఆ ఒక్క శాతంలోపు యంత్రాలు ఆగితే ఊరుకోని చోట్ల ఉన్నాయి. ఆగితే ఊరుకోని చోట్లే కదా ఖరీదైన కాపలా పెట్టుకునేది!

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది, ఆ పొరపాటు ఆ రోజు పుట్టినది కాకపోవడం. 20కి 21కి పొసగకపోవడం అప్పటికి కొన్ని నెలలుగా అందులోనే ఉంది. అంతవరకూ వచ్చిన సూచనలన్నీ ఇరవై ఒకటో గడిలో ‘ఏదైనా సరే’ అని రాసినవే. ఏదైనా సరే అన్నప్పుడు ఎవరూ ఆ గడిని తెరిచి చూడరు. పరీక్షలూ అలాంటి సూచనలతోనే చేశారు, అన్నీ నెగ్గాయి. జులై 19న మొదటిసారి ఆ గడిలో నిజంగా చూడవలసిన విలువ ఒకటి వచ్చింది.

సరే, ఒక ప్రైవేటు సంస్థ రాసిన ఒక్క గడికి ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ లాక్కోలేదు. ఖాతాదారులే సంతకాలు చేసి, డబ్బులు కట్టి మరీ ఇచ్చారు. ఆ ఇవ్వడమే ఈ రంగంలో ఎదుగుదల. అదెలా జరుగుతుందో చెప్పడానికే వచ్చాను.

మన సరుకు విచిత్రమైనది. బాగా పనిచేస్తే ఏమీ జరగదు. పనిచేయకపోయినా చాలాకాలం ఏమీ జరగనట్టే కనబడుతుంది. కొనేవాడికి ఈ రెండింటికీ తేడా తెలిసే మార్గం లేదు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి చెప్పారు: మంచి సరుకేదో చెడ్డ సరుకేదో కొనేవాడికి తెలియని సంతలో మంచి సరుకుకు తగిన ధర రాదు, చివరికి చెడ్డదే మిగులుతుంది. మనది అచ్చంగా అలాంటి సంత. అందుకే ఇందులో ప్రకటనలన్నీ ఒకేలా ఉంటాయి. ప్రదర్శనశాలలో పది దుకాణాలు తిరగండి, పదింటి బోర్డుల మీదా అవే నాలుగు మాటలు. (నవ్వులు)

మరి కొత్త సంస్థను ఎవరు నమ్ముతారు? దొంగతనం జరిగాక పిలిచేవాళ్లు నమ్ముతారు. అప్పుడు వాళ్లకు బేరమాడే తీరిక ఉండదు. ఈ దారిలో ఎదిగిన సంస్థల్లో నాకు నచ్చినది మాండియంట్. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన కెవిన్ మాండియా 2004లో రెడ్ క్లిఫ్ అనే పేరుతో పెట్టిన చిన్న సలహా సంస్థ అది. రెండేళ్లకు పేరు మారింది. అమ్మడానికి పెట్టెలేమీ, అంటే దాడులను పట్టే పరికరాలేమీ లేవు, ఉన్నది మనుషులే. ఎక్కడ చొరబాటు జరిగితే అక్కడికి వెళ్లడం, కంప్యూటర్లు తమ పని గురించి రాసిపెట్టుకునే లాగ్‌లు తిరగేయడం, ఎవడొచ్చాడు, ఎటు వచ్చాడు, ఇంకా లోపలే ఉన్నాడా అని తేల్చడం. గంటల లెక్కన వేతనం.

2013 జనవరి చివర్లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక తమ కంప్యూటర్లలోకి చైనా నుంచి చొరబడ్డారని ప్రకటించింది. పరిశోధించినది మాండియంట్. లోపల పెట్టిన దుష్ట ప్రోగ్రాములు 45 అయితే, అక్కడున్న యాంటీవైరస్ పట్టుకున్నది ఒక్కదాన్నే. మరుసటి నెలలో మాండియంట్, ఏపీటీ1 అని తాను పేరు పెట్టిన చొరబాటుదారుల ముఠా మీద ఒక నివేదిక విడుదల చేసింది. షాంఘైలోని చైనా సైనిక విభాగం 61398 వైపు వేలు చూపించిన నివేదిక అది. 141 సంస్థల్లో చొరబాటు జరిగిందనీ, చొరబడ్డవాళ్లు సగటున 356 రోజులు లోపలే ఉన్నారనీ అందులో ఉంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అని మన సామెత. ఇక్కడ ఏడాదికి తొమ్మిది రోజులు తక్కువ! ఒక చోట అయితే 1,764 రోజులు.

ఆ నివేదికను అమ్మలేదు. దాడిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లు 3,000కు పైగా జతచేసి ఊరికే ఇచ్చేశారు. డబ్బు తెచ్చే రహస్యాన్ని బజారులో పెట్టేశారేమిటని అప్పట్లో చాలామంది అన్నారు. ఇంతకు ముందు చెప్పిన సంతను గుర్తుచేసుకోండి. సరుకు కొనకముందే నాణ్యత చూపించగలిగినవాడు ఆ సంతలో గెలుస్తాడు. ఆ నివేదిక చేసిన పని అదే. అది చదివినవాళ్లెవరూ మాండియంట్ బోర్డు మీద ఏం రాసుందని అడగలేదు. ఏడాది తిరక్కుండానే ఫైర్‌ఐ అనే మరో భద్రతా సంస్థ సుమారు వంద కోట్ల డాలర్లకు ఆ సంస్థను కొనేసింది.

ఇక్కడ పెట్టుబడిదారుల లెక్క ఒకటి చెప్పాలి. మనుషుల గంటలు అమ్మే సంస్థకు మార్కెట్ పెద్ద విలువ కట్టదు. వ్యాపారం రెట్టింపు కావాలంటే మనుషులు రెట్టింపు కావాలి, అనుభవం ఉన్నవాళ్లు సంతలో దొరకరు. అదే సాఫ్ట్‌వేర్ అయితే ఒకసారి రాస్తే వెయ్యి మందికి అమ్మవచ్చు, ఏటేటా చందా వస్తుంది. అందుకని ప్రతి సేవా సంస్థ మీదా ‘మీ ఉత్పత్తి ఏమిటి?’ అనే ఒత్తిడి ఉంటుంది. ఫైర్‌ఐ దగ్గర ఉత్పత్తి ఉంది, మాండియంట్ దగ్గర మనుషులున్నారు. పెళ్లి కుదిరింది. ఏడెనిమిదేళ్లకు విడిపోయారు కూడా. 2021లో ఫైర్‌ఐ ఉత్పత్తుల వ్యాపారం 120 కోట్ల డాలర్లకు వెళ్లింది. మాండియంట్‌ను 2022లో గూగుల్ 540 కోట్ల డాలర్లకు కొంది. మాండియంట్ దగ్గరా అప్పటికి కొంత సాఫ్ట్‌వేర్ ఉంది, కాదనను. అయినా పెట్టెల విలువ 120, మనుషుల విలువ 540 అని నేను ఈ లెక్కను మా కుర్రవాళ్లకు చెబుతూ ఉంటాను. జీతాల గురించి మాట్లాడేటప్పుడు మీరూ వాడుకోండి. (నవ్వులు)

పెట్టెల సంగతి తేలిగ్గా తీసిపారేస్తున్నానని అనుకోవద్దు. కానీ పెట్టె మొరిగితే వినేవాడుండాలి. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు దొంగలెత్తుకెళ్లారు. ఫైర్‌ఐ పరికరం అక్కడ ముందే ఉంది, హెచ్చరిక ఇచ్చింది. ఎవరూ కదల్లేదని ఆ తర్వాత పత్రికలు రాశాయి. హెచ్చరికలు చూసే గదిలో రాత్రి పాళీ చేసినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. తెర మీద ఎర్రగా ఒక వరస వస్తుంది, దాని కింద మరొకటి. గంటలో నలభై వస్తే ముప్పైతొమ్మిది ఉత్తవే. నలభయ్యోదాన్ని కూడా అదే అలవాటులో మూసేస్తాం.

ఇక క్రౌడ్‌స్ట్రైక్ దగ్గరకు వద్దాం. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జార్జ్ కర్ట్జ్ అంతకుముందు యాంటీవైరస్ సంస్థ మెకాఫీలో ముఖ్య సాంకేతికాధికారి. విమానంలో పక్క సీటాయన ల్యాప్‌టాప్ తెరిచి, మెకాఫీ సాఫ్ట్‌వేర్ లేచేదాకా పావుగంట చేతులు కట్టుకుని కూర్చోవడం చూశానని ఆయనే చెప్పుకున్నారు. 2011లో కొత్త సంస్థ పెట్టినప్పుడు ఆలోచన ఇది: ప్రతి యంత్రంలో తేలికపాటి సెన్సర్, అంటే కనిపెట్టి చూసే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉండాలి, బరువైన పనంతా క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ అవతలి సర్వర్లలో జరగాలి. ఒక ఖాతాదారు దగ్గర కనబడిన దాడి క్షణాల్లో అందరికీ తెలియాలి.

ఆ చివరి వాక్యాన్ని కాస్త నిదానంగా చూడండి. పాత యాంటీవైరస్ కంపెనీకి ఖాతాదారులు పెరిగితే రాబడి పెరిగేది. ఈ పద్ధతిలో ఖాతాదారులు పెరిగితే సరుకే మెరుగవుతుంది, ఎందుకంటే వచ్చే ప్రతి ఖాతాదారూ ఒక కొత్త కిటికీ. సరుకు మెరుగైతే ఇంకా ఖాతాదారులొస్తారు. ఎదుగుదలే ఎదుగుదలకు ఎరువు. 2019లో షేర్ మార్కెట్‌కు వెళ్లేనాటికి పెద్ద సంస్థల మధ్య దాని పేరు స్థిరపడిపోయింది.

కానీ లోపలికి సమాచారం వచ్చే దారి, బయటికి ఆజ్ఞ వెళ్లే దారి రెండూ ఒకటే. అందరి నుంచీ క్షణాల్లో నేర్చుకోగలిగినది అందరినీ క్షణాల్లో పడగొట్టగలదు. దీన్ని లోపం అనలేం. ఆ సంస్థ అమ్మిన గుణమే అది. విధి వైపరీత్యం ఏమిటంటే, 2010 ఏప్రిల్‌లో మెకాఫీ పంపిన అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని ముఖ్యమైన సొంత ఫైలునే వైరస్‌గా భావించి యంత్రాలను పడగొట్టింది. అప్పుడు అక్కడ ముఖ్య సాంకేతికాధికారి ఈ కర్ట్జ్‌గారే.

ఇంత పెద్ద సంస్థ ఒక్కసారిగా అందరికీ పంపకుండా, ముందు కొందరికి పంపి చూడలేదా అని మీకు అనిపిస్తుంది. ప్రోగ్రాము కొత్త కూర్పులను అలాగే దశలవారీగా పంపేవారు. ఈ సూచనల ఫైళ్లను మాత్రం అందరికీ ఒకేసారి పంపేవారు. దాడి జరుగుతుంటే ఆలస్యం చేయకూడదన్నది వాళ్ల తర్కం. ఆ తర్కాన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం నేను పదకొండు మంది ఉన్న ఒక చిన్న భద్రతా సంస్థలో పనిచేశాను. ఒక సాయంత్రం కొత్త దాడి గురించి తెలిసి, దాన్ని ఆపే నియమం ఒకటి గబగబా రాశాను. మా యంత్రాలన్నిటి మీదా నడిపి చూశాం, బాగానే ఉంది. ఖాతాదారులకు పంపాం. మర్నాడు ఒక ఖాతాదారు కార్యాలయంలో జీతాలు లెక్కకట్టే ప్రోగ్రాము తెరుచుకోలేదు. నా నియమం దాన్ని దుష్ట ప్రోగ్రాము అనుకుంది. నెలాఖరు. వాళ్ల అధికారి ఫోనులో అరవలేదు. ‘మీరు ముందు మీ దగ్గర పరీక్షించి చూడలేదా?’ అని మాత్రం అడిగాడు. చూశామండీ అన్నాను. నిజమే, చూశాం. మా దగ్గర ఉన్నవి పదకొండు కంప్యూటర్లు. వాటిలో ఒక్కదాంట్లోనూ జీతాల ప్రోగ్రాము లేదు. మా జీతాలను యజమాని నోటుపుస్తకంలో రాసుకునేవాడు. (నవ్వులు)

మా తప్పుకు ఒక కార్యాలయం మధ్యాహ్నం దాకా ఆగింది. పదకొండు మంది సంస్థ తప్పు అంతవరకే వెళ్లగలదు.

వేగంగా ఎదిగిన సంస్థల మాట వస్తే విజ్ పేరు చెప్పకుండా ఉండలేం. 2020లో నలుగురు ఇజ్రాయెల్ ఇంజినీర్లు పెట్టారు. వాళ్లలో ముగ్గురికి ఇది మొదటిది కాదు. అంతకుముందు పెట్టిన అడాలమ్‌ను 2015లో మైక్రోసాఫ్ట్‌కు అమ్మి, కొన్నాళ్లు అక్కడే క్లౌడ్ భద్రత చూశారు. కొత్త సంస్థ ఏడాదిన్నరలో 10 కోట్ల డాలర్ల వార్షిక చందాలకు చేరింది. షేర్ మార్కెట్‌కు వెళ్లలేదు, ప్రైవేటు సంస్థగానే ఎదిగింది. 2024లో గూగుల్ ఇవ్వజూపిన 2,300 కోట్ల డాలర్లను వద్దంది. 2025 మార్చిలో అదే గూగుల్‌తో 3,200 కోట్ల డాలర్లకు ఒప్పందం ప్రకటించింది.

అంత వేగం ఎలా సాధ్యమైంది? తెలివి, అదృష్టం, అంతకుముందు సంపాదించిన పరిచయాలు, అన్నీ ఉన్నాయి. నా దృష్టిలో అసలు కారణం వేరు. విజ్ మొదట్లో ఏ యంత్రంలోనూ సాఫ్ట్‌వేర్ పెట్టమని అడగలేదు. క్లౌడ్ ఖాతాను చదివే అనుమతి ఇస్తే చాలు, సర్వర్ల డిస్కుల నకళ్లు తీసి బయటి నుంచే పరిశీలిస్తుంది. వెయ్యి సర్వర్లలో వెయ్యి సెన్సర్లు పెట్టాలంటే ఖాతాదారు లోపల వెయ్యి వాదనలు జరుగుతాయి. ప్రతి సర్వరుకూ ఒక యజమాని ఉంటాడు, ప్రతి యజమానికీ ఒక అభ్యంతరం ఉంటుంది. చదివే అనుమతికి ఒక సంతకం చాలు. భద్రతా సంస్థ ఎంత వేగంగా ఎదుగుతుందో తెలియాలంటే దాని ఉత్పత్తిని కాదు, అది అడిగే అనుమతి పత్రాన్ని చూడండి.

అనుమతులు అలా పోగుపడ్డాక ఏమవుతుంది? దొంగల చూపు కాపలావాడి మీద పడుతుంది. ఇంటింటికీ తిరిగే బదులు తాళంచెవులన్నీ ఒకేచోట ఉన్నవాడి దగ్గరకే వెళ్లవచ్చు కదా. 2011 మార్చిలో, లాగిన్‌కు రెండో తాళంగా వాడే టోకెన్లు అమ్మే ఆర్‌ఎస్‌ఏ సంస్థలోకి అలాగే చొరబడ్డారు. నియామకాల ప్రణాళిక అనే పేరుతో వచ్చిన ఎక్సెల్ ఫైలును ఒక ఉద్యోగి జంక్ ఫోల్డర్‌లోంచి బయటికి తీసి మరీ తెరిచారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో డిజినోటార్. వెబ్‌సైట్లకు ‘ఇది అసలుదే’ అని ధ్రువపత్రాలిచ్చే సంస్థ. చొరబడినవాళ్లు గూగుల్ పేరుతో సహా 500కు పైగా దొంగ ధ్రువపత్రాలు సృష్టించారు. సంస్థకు జులైలోనే తెలిసింది, బయటికి చెప్పలేదు. ఆగస్టు చివర్లో ఇరాన్‌లో జీమెయిల్ వాడే ఒకరికి అనుమానం వచ్చి బయటపెడితే లోకానికి తెలిసింది. సెప్టెంబరు 20న దివాలా. నమ్మకం తప్ప వేరే సరుకు లేని సంస్థ అది.

దీని పక్కన 2020 డిసెంబరును పెట్టి చూడండి. ఫైర్‌ఐలో ఒక ఉద్యోగి పేరు మీద లాగిన్ కోసం రెండో ఫోను నమోదైంది. భద్రతా విభాగంలో ఎవరో దాన్ని చూసి, ఆ ఉద్యోగికి ఫోన్ చేసి, ‘కొత్త ఫోను కొన్నారా?’ అని అడిగారు. లేదన్నారు. ఆ ఒక్క ‘లేదు’ వెంట తీగ లాగితే డొంకంతా కదిలింది. డిసెంబరు 8న సంస్థ తన సాధనాలు చోరీ అయ్యాయని తానే ప్రకటించింది. సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన అప్‌డేట్‌లో దొంగలు విషం కలిపిన సంగతి 13న బయటపెట్టింది. సుమారు 18,000 సంస్థలకు చేరిన ఆ విషపు అప్‌డేట్ గురించి ప్రపంచానికి అలా తెలిసింది. రెండో ఫోను గురించిన ఆ హెచ్చరిక కూడా తెర మీద మామూలు వరసల్లో ఒకటిగానే వచ్చి ఉంటుంది. ఎవరో దాన్ని మూసేయలేదు, అంతే.

మళ్లీ 2024కు వద్దాం. ఆ ప్రమాదం తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ ఖాతాదారులంతా వెళ్లిపోతారని చాలామంది రాశారు. వెళ్లలేదు. తర్వాతి త్రైమాసికాల్లో కూడా 97 శాతం నిలిచారని సంస్థ ప్రకటించింది. ఇరవై ఒకటో గడి కథనంతా విడమరచి నివేదిక ఇచ్చారు, అందుకని నిలిచారని కొందరంటారు. నాకు పూర్తిగా అలా అనిపించదు. లక్ష యంత్రాల నుంచి ఒక సెన్సర్‌ను పీకి మరొకటి పెట్టడం ఏడాది పని. ఆ ఏడాదంతా తలుపులు తెరిచినట్టే. పైగా నష్టపరిహారం కింద ఆ సంస్థ చాలామందికి తన మిగతా ఉత్పత్తులను రాయితీగా వాడుకోనిచ్చింది. అంటే ప్రమాదం తర్వాత కొందరి దగ్గర ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ మునుపటికన్నా ఎక్కువే ఉంది. ఇది నమ్మకమా, కదల్లేనితనమా? రెండింటికీ లెక్కల పుస్తకంలో ఒకటే గడి.

చివరిగా ఒక్క సంగతి, సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. 2006లో మైక్రోసాఫ్ట్ విస్టా అనే విండోస్ కొత్త కూర్పును తెస్తూ, కెర్నల్‌ను బయటి సంస్థలు మార్చకుండా తలుపు బిగించాలని చూసింది. భద్రతా సంస్థలు భగ్గుమన్నాయి. మెకాఫీ అయితే ఫైనాన్షియల్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. ఆ గుండెకాయలో మాకూ చోటుండాలి, లేకపోతే మీకు రక్షణ ఉండదని వాదన. పోరాడి చోటు నిలబెట్టుకున్నారు. ఇప్పుడు 2024 ప్రమాదం తర్వాత, భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటి నుంచే నడిపే ఏర్పాటు మీద మైక్రోసాఫ్ట్ పనిచేస్తోంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఉంది. అదే బల్ల మీద మైక్రోసాఫ్ట్‌కు సొంత భద్రతా ఉత్పత్తి కూడా ఉందన్న సంగతి మిగిలిన అందరికీ తెలుసు. గుండెకాయ యజమానే కాపలా వ్యాపారం కూడా చేస్తుంటే, బయటికి జరగమన్న మాటను పోటీదారులు ఎలా వింటారో ఊహించుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. జీతాల ప్రోగ్రాము గురించి తప్ప.